ఉగ్గు డబ్బా

నా పాలు నీళ్లని తేల్చింది మా అత్తగారి బొటనవేలి గోరు.

మూడో నెలలో పుట్టింటి నుంచి పాపతో తిరుపతికి వచ్చిన వారానికే ఆ పరీక్ష జరిగింది. బిడ్డను చూడవచ్చిన నలుగురు ఆడవాళ్లు ముందుగదిలో కూర్చుని ఉన్నారు. గిన్నెలో నాలుగు చుక్కలు పిండి ఇమ్మన్నారు అత్తగారు. ఇచ్చాను. ఒక చుక్క గోటి మీద వేసుకుని చెయ్యి కొంచెం వంచారు. చుక్క జారిపోయింది.

"సూడండమ్మా, నిలబడలా. నీళ్లు! ఇంక బిడ్డ ఏడవక ఏంజేస్తాది?"

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. గోరు వంచితే ఏ ద్రవమైనా జారుతుందని చెప్పడానికి అంత చదువు అక్కర్లేదు కాబట్టి ఊరుకున్నాను. నవ్వి లోపలికి వెళ్లాను. ఆ నవ్వును మాత్రం జాగ్రత్తగా దాచుకున్నాను.

నీళ్లను పాలు చేసే పని ఆ ఆదివారమే మొదలైంది. పులికాట్ వైపు నుంచి వచ్చే పాలసొర చేపను ఉడికించి, చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వేయించి పెట్టేవారు. అది తింటే పాలు పడతాయట. చాలా బాగుండేది. మనం పగ పట్టదలచిన మనిషి వంట అంత బాగుండటం ఎంత ఇబ్బందో అనుభవిస్తేగానీ తెలియదు. వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు, పెరుగు ముట్టుకోవద్దు. నేను తిని చెయ్యి కడుక్కునే లోపలే గోడవతల పక్కింటావిడకు కబురు వెళ్లిపోయేది.

"తినేది బాగనే తింటాదిమే. పాలే పడవు."

నెల నెలా డాక్టరమ్మ పాపను తూచి, బరువు సరిగ్గానే పెరుగుతోందనేది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తగారు మిషన్ మీద జాలిపడేవారు. "పాపం, మిషన్‌కేం తెలుసు? దానికేమన్నా కడుపుండాదా?"

నాలుగో నెల దాటగానే ఆమె రాగులు నానబెట్టారు. గుడ్డలో మూటగట్టి మొలకలొచ్చాక మిద్దె మీద ఎండబెట్టారు. పెసరపప్పు, బాదం, ఏలక్కాయ చేర్చి, దోరగా వేయించి, మర పట్టించి, మెత్తటి పాత చీరముక్కలో జల్లించారు. ఆ పిండిని మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలో పోశారు. నేను మాత్రం ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఇంకేమీ పెట్టనన్నాను.

"సరే, ఆర్నెల్లకే పెడదాం," అన్నారు, నేను ఆశ్చర్యపోయేంత సులువుగా. ఆ తర్వాత అసలు మాట వచ్చింది. "మొదటి ముద్ద అవ్వ చేతిది. నా పిండే పెడతాను. ఆ నీళ్లు తాగిన బిడ్డకు అప్పుడన్నా పానం వస్తాది."

నాకు లెక్క అర్థమైంది. ఆ ముద్ద బంధువులందరి ముందు ఆమె చేతి నుంచి పాప నోట్లో పడితే, ఆ తర్వాత పాప పాకినా, నడిచినా, పది పాసైనా ఆ పిండి మహిమే. ఆరు నెలలు నేను ఇచ్చినవి నీళ్లుగానే మిగిలిపోతాయి.

డబ్బాను వంటింటి గూట్లో పెడుతూ ఇంకో హెచ్చరిక కూడా చేశారు. బిడ్డ ఉగ్గు పెద్దవాళ్లు నోట పెడితే దిష్టి. ఆమె తన పిల్లలకు చేసినప్పుడు కూడా ఏనాడూ రుచి చూడలేదట.

ఇది ఆమె నాకు స్వయంగా చెప్పిన విషయం. నేను అడగలేదు.

పది రోజులకు అత్తగారు పెరట్లో నీళ్లతొట్టి దగ్గర జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రికి వెళ్దామన్నా వినకుండా పుత్తూరు వెళ్లి నాటువైద్యుడి చేత కట్టు కట్టించుకొచ్చారు. వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా గుడ్డ, వెదురు బద్దలు. ఎడమ చేత్తో తినమంటే, ప్రాణం పోయినా తిననన్నారు. మా ఆయన శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు ఉందని వెళ్లిపోయాడు. నేను స్పూను తీసుకున్నాను.

"బలమైంది పెట్టమని చెప్పినాడు కట్టు కట్టినాయన," అన్నారు అత్తగారు.

బలమైంది. గూటివైపు చూశాను.

కట్టు ఉన్న ఆ ఐదారు వారాలు రోజూ పొద్దున ఒక పక్క ఒళ్లో పాప, ఇంకో పక్క కుర్చీలో నోరు తెరిచి మా అత్తగారు.

"ఏమే, ఏంది ఇది? ఇంత కమ్మగుండాది?"

"గంజి, అత్తా."

"యాడ కొన్యావు?"

"ఇంట్లోదే."

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అబద్ధాలు నా స్వభావానికి పడవు.

చూడవచ్చినవాళ్లు ఎలా ఉందని అడిగితే, ఆమె నోటికి స్పూను అందిస్తూ నేనే జవాబు చెప్పేదాన్ని. "తినేది బాగానే తింటారండీ. ఎముకే అతుక్కోదు." మొదటిసారి అన్నప్పుడు ఆమె నావైపు చాలాసేపు చూశారు. నోట్లో స్పూను ఉండటం వల్ల ఏమీ అనలేకపోయారు.

అన్నప్రాసనకు నాలుగు రోజుల ముందు కట్టు విప్పారు. చెయ్యి చక్కగా అతుక్కుంది. అన్నప్రాసన రోజు పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుని, అందరూ వినేలా కేక వేశారు.

"అమ్మణ్ణీ, నా డబ్బా తీసుకురా!"

తెచ్చి ముందు పెట్టాను. మూత లాగారు. అడుగు తళతళ మెరిసింది.

"పిండి యాడ?"

"అయిపోయిందత్తా."

"అయితే బిడ్డకు ముందే పెట్టేసినావా?" ఆ గొంతులో కోపం కంటే సంతోషమే ఎక్కువ.

"పాప ఇవాళ్టిదాకా నా నీళ్లు తప్ప ఏమీ తాగలేదు."

"మరి ఎవురు తినింది?"

"మీరే, అత్తా. నెలన్నర నుంచి. కమ్మగుందన్నారు కదా."

అప్పుడు గోటి పరీక్ష చూసిన నలుగురిలో ఒకావిడ ముందుగా తేరుకుంది. "అయితే నీకే అయిపాయ కదా వదినా, అన్నప్రాసన!"

నవ్వులు ఆగేలోపు అత్తగారు దిష్టి గుర్తొచ్చి రెండు చెంపలూ వేసుకున్నారు. కుడిచేత్తోనే. నొప్పి లేదు. అది గమనించగానే ఆమె ముఖం మారింది. మణికట్టు గిర్రున తిప్పి అందరికీ చూపించారు. "సూడండి, రాయి మాదిరి అతుక్కుండాది! నా పిండంటే మాటలా?"

ఇంత చేసినా గెలుపును ఆమెకే వడ్డించేశానని అప్పుడు తెలిసింది. కానీ పరమాన్నం గిన్నె నా చేతికి దగ్గరగా ఉంది. ఆమె ఇంకా మణికట్టు తిప్పుతుండగానే ఒక మెతుకు చిదిమి పాప నోట్లో పెట్టాను. పాప నావైపు చూసి, నాలుకతో బయటికి నెట్టి, మళ్లీ నోరు తెరిచింది. రెండోది మింగింది.

అత్తగారు చూశారు. "నీళ్లకు మరిగిన నోరు," అన్నారు, నెమ్మదిగా.

ఆ సాయంత్రమే మళ్లీ రాగులు నానబెట్టారు. ఈసారి డబ్బా ఆమె బీరువాలో ఉంది. తాళంచెవి కొంగున ఉంది. నేను మజ్జిగ కలిపిన జావ చేసి ఇస్తే, స్పూనుతో గోటి మీద ఒక చుక్క వేసుకుని, నావైపు చూస్తూ చెయ్యి వంచారు.

జావ చుక్క కాస్త ఆలస్యంగానైనా జారుతుంది. నాకేం తొందర లేదు.