మొగుణ్ణి నిద్రపోనివ్వని మనోరమ

మనోరమ మీద జనగామలో పంచాయితి కూర్చున్నది డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో. ఆమె ఎవరినీ తిట్టలేదు, ఎవరి సొమ్మూ ముట్టలేదు. అత్తగారి ఫిర్యాదు ఒక్కటే: పెళ్లయిన నాటి నుంచి ఏడేళ్లుగా ఈమె మొగుణ్ణి నిద్రపోనివ్వడం లేదు. రాత్రికి పదిసార్లు, ఇరవైసార్లు భుజం పట్టి కుదిపి లేపుతుంది. తీర్పు ఆమెకు ఎదురుగా వస్తే పుట్టింటికి పంపేస్తారు. తనను పంపేస్తే ఆయన బతకడని ఆమె నమ్మకం. ఆమెకు పిచ్చి లేచిందని మిగతా అందరి నమ్మకం.

ఆమె అన్న హన్మంత్ తరఫున ఆ రోజు నేనూ వెళ్లాను. వెళ్లక తప్పలేదు. ఆ సంబంధం కుదిరిందే ఒక గురక వల్ల. ఆ గురకను మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామ రోడ్డు మీద బస్సులాపినందుకు పోలీసులు మమ్మల్ని నలభై మందిని తీసుకుపోయి వరంగల్ జైల్లో ఒకే పెద్ద గదిలో వేశారు. ఎక్కువమంది చదువుకునే పిల్లలు. బయట ఏం జరుగుతున్నదో తెలియదు, ఏ ఊళ్లో కాల్పులు జరిగాయో తెలియదు. రెండు రాత్రులు ఎవరి కన్నూ మూతపడలేదు. ఒక్క కరుణాకర్‌ది తప్ప. దంతాలపల్లి దగ్గర భూములున్న ఇంటి పిల్లవాడు, గుండ్రటి మనిషి, మెడ ఉందా లేదా అన్నట్టుండేది. తల నేలకు ఆనించగానే గుర్రు మొదలయ్యేది. కాపలా జవాను ఊచల్లోంచి తొంగి చూసి పోయేవాడు. సర్కారంటే వీడికి లెక్క లేదని మేమంతా గర్వపడ్డాం. పదకొండు రోజులకు విడిచిపెడితే, గేటు బయట చాయ్ తాగుతూ మరిపెడ హన్మంత్ నాతో అన్నాడు: "అన్నా, గింత ధైర్నమున్నోనికి మా చెల్లెనియ్యాలె." డెబ్బై ఒకటిలో ఇచ్చాడు.

ఆ గుర్రు మధ్య మధ్య ఠక్కున ఆగిపోయేది. అది నాకు బాగా గుర్తుంది. ఆగినప్పుడల్లా మాకు ప్రాణం లేచి వచ్చేది, ఈ సందులో మనమూ కాస్త కన్ను మూద్దామని గబగబా అటు తిరిగి పడుకునేవాళ్లం. ఎందుకు ఆగిందని నలభై మందిలో ఒక్కడూ అడగలేదు. నేనేమో అప్పటికే దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. కాజీపేట ప్లాట్‌ఫారం మొదలు కాశీ ధర్మసత్రాల దాకా వేలమంది పక్కన పడుకున్నవాణ్ణి. నిద్ర రాని ప్రేమికుల మీద కవులు వందల పద్యాలు రాశారు. పక్కన పడుకున్నవాడి ఊపిరిని కనిపెట్టి కూర్చున్న మనిషి మీద ఒక్కటి రాసినట్టు నా చదువులో తగల్లేదు. చదువు చాలదని అప్పుడు తోచలేదు.

మనోరమ ఏడో తరగతి దాకా చదువుకుంది. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే చూసింది. గుర్రు పెరుగుతూ పెరుగుతూ పోయి తెగిపోతుంది. రొమ్ము ఎగిరెగిరి పడుతుంది గానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. పెదవుల రంగు మారుతుంది. తర్వాత నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్క గుటక, మళ్లీ గుర్రు. తెల్లారితే ఆయనకేమీ గుర్తుండదు. తల పగిలిపోతున్నదనీ, నోరు ఎండిపోయిందనీ అంటాడు. అత్త అంజమ్మకు చెప్పింది.

"గుర్రు వెట్టెటోడు సుఖంగ పన్నట్టే బిడ్డా. మీ మామ గూడ గిట్లనే వెట్టెటోడు."

"మామ ఎట్ల పోయిండు అత్తమ్మా?"

"నిదుర్లనే పోయిండు. పుణ్యాత్ముడు. ఒక్కనాడు మంచాన వడలే."

ఆ మాట విన్న తర్వాత మనోరమ ఒక్క రాత్రి కూడా పూర్తిగా పడుకోలేదు.

జనగామలో వాళ్లకు ఎరువుల దుకాణం ఉండేది. కరుణాకర్ దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే తూగేవాడు. గిరాకీ వచ్చి మాట్లాడుతుండగా గడ్డం రొమ్ముకు ఆనేది. వరంగల్ పోయి వస్తూ బస్సులో నిద్రపోయి, జనగామ దాటి ఆలేరులో దిగిన రోజులున్నాయి. రాజ్‌దూత్ మోటారు సైకిల్‌తో సహా కాలువలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఒకసారి ఎరువుల కంపెనీ ఏజెంటొకాయన, కోస్తా నుంచి వచ్చినవాడు, నిద్రపోతున్న యజమానిని చూసి నవ్వాడు. "మీ ఏరియాలో అందరూ ఇంతేనండీ, పొద్దెక్కినా మేలుకోరు." అన్నం గిన్నె తెచ్చిన మనోరమ అక్కడే ఉంది. "పొద్దెక్కినా లేవనోళ్లే అరవైతొమ్మిదిల మీ బస్సులాపిన్రా సార్?" అంది. ఏజెంటు బస్తాల లెక్క మళ్లీ చూసుకోవడంలో పడ్డాడు.

ఆయనకు అలా సమాధానం చెప్పింది గానీ ఇంట్లో ఆమె మాట చెల్లలేదు. ఆమె ఒళ్లూ చెడింది. ఏడేళ్లు ముక్కలు ముక్కలుగా పడుకున్న మనిషి ఎట్లా ఉంటుంది? జుట్టు ఊడింది, చేతులు వణికేవి, కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. పొయ్యి మీద పాలు పెట్టి ఎందుకు నిలబడ్డానో తెలియక నిలబడేది. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఇవన్నీ ఆమెకు పిచ్చి అనడానికి అత్తింట సాక్ష్యాలయ్యాయి. ఊళ్లోని ఒక డాక్టరు, రాత్రి సరిగా నిద్రలేకనే కరుణాకర్ పగలు తూగుతున్నాడని నిద్రమాత్రలు రాసిచ్చాడు. మూడో రోజు మనోరమ వాటిని పెంటకుప్పలో పారేసింది. దానితో అంజమ్మ దంతాలపల్లికి కబురు పెట్టింది.

పెద్దమనుషులు ముగ్గురు పొద్దుటి బస్సుకు దిగారు. వాళ్లలో పెద్ద వీరస్వామి, అరవై దాటినవాడు, కరుణాకర్‌కు మేనమామ వరస. పగటి భోజనాలయ్యాక నడిమింట్లో కూర్చున్నారు. కరుణాకర్ పడక కుర్చీలో, మనోరమ తలుపు వెనక.

అంజమ్మ మొదలుపెట్టింది. "నా కొడుకు ఎట్లుండెటోడు! జైల్ల సుత నిమ్మలంగ పన్నోడు. ఇయ్యాల దుకాన్ల కూసున్నకాడ కూలవడుతుండు. ఎందుకు? రాత్రంత గిది కుదిపి కుదిపి లేపవట్కె. మందు తెస్తె పెంటల వడేసింది."

"ఏం కరుణాకరా, నువ్వేమంటవ్?" అన్నాడు వీరస్వామి.

"నాకేమెర్క మామా? నేను నిదుర్ల ఉంటి గద."

అందరూ నవ్వారు. వీరస్వామి తలుపు వైపు తిరిగాడు. "గోలీలు వడేసినవట, నిజమేనా బిడ్డా?"

"నిజమే."

"ఎందుకు?"

"అవి మింగిన రాత్రి కుదిపినా లేస్తలేడు."

"లేవకుంటె మంచిదే గదనే! నిదురకే గద గోలీలు?" అన్నాడు ఇంకో పెద్దమనిషి. మళ్లీ నవ్వులు.

హన్మంత్‌కు సిగ్గుగా ఉంది. చెల్లెలి వైపు చూడకుండా, మెల్లగా అన్నాడు: "చెల్లె, కొన్నొద్దులు మరిపెడకు రారాదు. కడుపునిండ తిని, కంటినిండ పండు. మల్ల చూద్దాం."

"నేను కంటినిండ పంటె గాయన లేవడన్నా."

ఈ మాటల నడుమ ఎప్పుడు మొదలైందో, గుర్రు వినిపించింది. కరుణాకర్ తల వెనక్కి వాలిపోయి ఉంది. పొట్ట నిండా తిన్నాడు, ఎండ వేళ, పడక కుర్చీ. తన నిద్ర మీద జరిగే పంచాయితిలోనే నిద్రపోయాడు.

"చూసిండ్రా!" అంది అంజమ్మ కళ్లొత్తుకుంటూ. "ఏడేండ్ల నిదుర కరువు."

అప్పుడు మనోరమ తలుపు వెనక నుంచి నడిమింట్లోకి వచ్చింది. ఆ ఇంటి కోడలు పెద్దమనుషుల ముందు నిలబడడం అదే మొదలు. "ఎవ్వరు ముట్టద్దు. ఏడేండ్ల సంది నేను చూస్తున్న. ఇయ్యాల మీరు చూడుండ్రి."

"ఏం చూసుడే? నిదురవోతుండు."

"గుర్రు ఆగుతది. ఆగంగనే మీరు గూడ ఊపిరి ఆపుండ్రి మామా. ఆయన తీస్కున్నప్పుడే మీరు తీస్కోవాలె. మీతోని అయితె, నేను గిప్పుడే పెట్టె సదురుకొని మరిపెడ బస్సెక్కుత. ఎవ్వరు పంపే పని లేదు."

వీరస్వామికి ఇది ఆటగా తోచింది. "నాతోనా? వయసుల బావిల మునిగి బొక్కెనలు తీసినోన్ని నేను!" మీసం సవరించుకుని కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ సర్దుకున్నారు. నేనూ సర్దుకున్నాను.

గుర్రు పెరిగింది, పెరిగింది, తెగింది.

అందరం ఊపిరి బిగబట్టాం. మొదట కిటికీ దగ్గరి పెద్దమనిషి వదిలేశాడు. తర్వాత నేను. తర్వాత హన్మంత్. వీరస్వామి బుగ్గలు పూరించి, చేతులు మోకాళ్ల మీద ఆనించి, కళ్లు పెద్దవి చేసి కూర్చున్నాడు. మెడ మీద నరాలు లేచాయి. ముఖం ఇటుక రంగుకు తిరిగింది. ఒక్కసారిగా దగ్గు తెరలో వదిలేసి పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కరుణాకర్ ఇంకా తీసుకోలేదు. పొట్ట కొలిమి తిత్తిలా ఎగురుతున్నది, ముక్కుపుటాలు కదలడం లేదు. పెదవులు నేరేడు రంగుకు వచ్చాయి. ఇంట్లో గోడ గడియారం ఒక్కటే చప్పుడు. హన్మంత్ లేవబోయాడు.

"ఆగన్నా," అంది మనోరమ. "చూడనియ్యి."

 ఆమె కళ్లు ఆయన ముక్కుపుటాల మీదే ఉన్నాయి.

ఎవరూ ఊహించని మనిషి లేచింది. అంజమ్మ ఒక్క ఉరుకున పోయి కొడుకు రెండు భుజాలు పట్టి కుదిపింది. "కొడుకా! లెవ్వు కొడుకా! లెవ్వురా!"

గాలి లోపలికి పోయిన చప్పుడు వాకిట్లోకి వినిపించి ఉంటుంది. కరుణాకర్ కళ్లు తెరిచి తల్లిని చూశాడు. "ఏమైందవ్వా? నువ్వు గూడ షురువు జేసినవా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇగ చెప్పుండ్రి," అంది మనోరమ. "ఎవల మీద పంచాయితి? నా మీదనా, అత్తమ్మ మీదనా? ఆమె గూడ లేపింది."

వీరస్వామి ముఖం తుడుచుకున్నాడు. "పంచాయితి లేదు గించితి లేదు బిడ్డా. ఊకో. మేం పోతం."

"ఎట్ల పోతరు మామా? పదిమందిల నిలవెట్టినంక తీర్పు చెప్పకుంట పోతరా? మీకు రాకుంటె నేను చెప్పుత, వినుండ్రి. మోటరు సైకిల్ తాళంచెయ్యి ఇయ్యాల్టి సంది నా దగ్గర. పొద్దుమీకి కల్లు బంద్, తాగిన రాత్రి ఊపిరి ఇంక ఎక్కువ ఆగుతది. ఒకరాత్రి నేను చూస్కుంట, ఒకరాత్రి అత్తమ్మ చూస్కుంటది. ఏడేండ్లు ఒక్కదాన్నే మేల్కున్న. ఇగ మేల్కోను. నా పానం పానం కాదా?"

అంజమ్మ కొడుకు భుజం మీద నుంచి చెయ్యి తీయకుండానే తలూపింది.

"ఇగో, గిప్పుడు నేను పంట. నన్నెవ్వరు లేపద్దు."

అన్నంత పనీ చేసింది. పెద్దమనుషులకు చాయ్ కూడా పోయలేదు. నడిమింట్లోనే చాప పరిచి, గోడ వైపు తిరిగి పడుకుంది. పగటిపూట, మగవాళ్ల ముందు, ఇంటి కోడలు.  వీరస్వామి చెప్పులు కిర్రుమంటాయి. వాటిని చేతిలో పట్టుకుని, వాకిలి దాటాక తొడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున దాకా ఆమె లేవలేదట. ఆ రాత్రి కొడుకు మంచం పక్కన కూర్చున్నది అంజమ్మ. తెల్లారి కోడలికి చాయ్ గ్లాసు అందిస్తూ "మీ మామ గూడ..." అని పొయ్యి దగ్గరికి పోయిందని కరుణాకర్ నాకు తర్వాత చెప్పాడు. తన సంగతి అడిగితే, "మనోరమ లేపినప్పుడల్ల తిట్టిన. అదొక్కటే యాదికున్నదని ఆమెతోని అన్న" అన్నాడు. ఆమె ఏమన్నదని అడిగాను. "రెట్టింపు తిట్టింది."

వెల్లకిలా పడుకుంటేనే ఊపిరి ఎక్కువగా ఆగుతుందని మనోరమ తనంతట తానే కనిపెట్టింది. ఆయన బనీను వీపున సంచి కుట్టి, దాన్నిండా కుంకుడుకాయలు కుక్కింది. వెల్లకిలా తిరిగితే గుచ్చుకుని మళ్లీ పక్కకు తిరగాలి. అన్నం తగ్గించింది, దుకాణానికి నడిపించింది. ఊపిరి ఆగడం పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గింది. ఆమెకు జుట్టు మళ్లీ వచ్చింది. పాలు పొంగకుండా దించుతున్నది. ఈ సంచి సంగతి బంధువుల నోట బంధువులకు పాకి, భూపాలపల్లి వైపు ఆడవాళ్లు కూడా జనగామ వచ్చి కుట్టు చూసిపోయారు.

ఎనభై మూడులో రక్తపోటు పెరిగిందని కరుణాకర్‌ను హైదరాబాద్ తీసుకుపోయారు. దారి చూపడానికి నేనూ వెంట ఉన్నాను. ఆ పెద్ద డాక్టరు ఆయన మెడను చేత్తో కొలిచి, నిద్రలో ఎట్లా ఉంటాడని అడిగాడు. మనోరమ చెప్పడం మొదలుపెట్టింది. ఎంతసేపు ఆగుతుంది, ఏ పక్కకు తిరిగితే ఆగదు, కల్లు తాగిన రాత్రి ఏమవుతుంది, మాత్రలు మింగినప్పుడు ఏమైంది. డాక్టరు కలం తీసి రాసుకున్నాడు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారనీ, నిద్రలో గొంతు మూసుకుపోయి గాలి ఆడదనీ, ప్రతి రాత్రీ వందలసార్లు ఇలా జరిగితే గుండె మీద, రక్తపోటు మీద దెబ్బ పడుతుందనీ చెప్పాడు. నిద్రమాత్రలూ మత్తూ దీనికి శత్రువులన్నాడు. తాను పుస్తకాల్లో చదవడమే గానీ, ఇంత దగ్గరగా కనిపెట్టినవాళ్లను చూడలేదన్నాడు. చివరికి, కలం మూస్తూ అడిగాడు: "ఇన్నేళ్లు ఈయన్ను కనిపెట్టుకుని కూర్చున్నారు, మరి మీ నిద్ర సంగతేమిటమ్మా?"

"అది మందుతోని అయ్యేది కాదు డాక్టర్ సాబ్," అంది మనోరమ, చీటీ అందుకుంటూ. "పంచాయితిల కొట్లాడి తెచ్చుకున్న."

తిరుగు బస్సులో కరుణాకర్ మేలుకునే ఉన్నాడు, ఒళ్లో మందుల సంచి పట్టుకుని. మనోరమ భువనగిరి దగ్గర నిద్రపోయింది. జనగామ వచ్చినప్పుడు ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె కళ్లు తెరవకుండానే ఆ చెయ్యి తోసేసింది. కండక్టర్ రెండుసార్లు కేక పెట్టిన తర్వాత గానీ లేవలేదు.