ముప్పై ఒకటో ఫార్ములాలో తప్పు లేదు

విఠల్‌రావు సారు ఇక లేరన్న వార్త నాకు లాబొరేటరీలో తెలిసింది. చేతిలో నీటి శాంపిల్ సీసా ఉంది. ఫోనులో ఆయన సతీమణి సుభద్రమ్మగారు, "సారు లేస్తలేడు తమ్మీ" అన్నారు. ఆసుపత్రికి చేర్చేలోపే గుండె ఆగిపోయిందట. ఈ ఎడారి దేశంలో పద్నాలుగేళ్లు నాకు వృత్తివిద్య నేర్పిన ఆచార్యుడు, నిన్న సాయంత్రం దాకా నా పక్క బల్ల దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. ఆ సీసా మీద లేబుల్ అంటించడం కూడా మరచిపోయి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఆ శుక్రవారం అల్ ఖోబర్‌లో ఒక హోటలు మేడ మీద సంతాపసభ పెట్టారు. మా మిత్రుడు ప్రసాద్ మైకు పుచ్చుకుని, "మహానుభావుడండీ! మద్యం వాసన కూడా గిట్టని మనిషి!" అంటూ కళ్లొత్తుకున్నాడు. సారు స్వహస్తాలతో చేసిన బీరు రెండేళ్లపాటు గ్లాసులకు గ్లాసులు తాగిన నోరది. ఆయన ఇంట్లో తాగినవాళ్లం మొత్తం నలుగురం. మిగిలిన ముగ్గురం ముందు వరసలో కూర్చుని అవునవునని తలలూపాం. సభ అయ్యాక అందరూ బిర్యానీ తిన్నారు, నేనూ తిన్నాను.

ఆ తిన్నది ఇంకా అరగలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగం ముగించి దేశం విడిచే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర నాకు పడింది. ఇది అచ్చయ్యే నాటికి నేను ఈ దేశంలో ఉండను. విమానం టికెట్టు జేబులో పెట్టుకున్నాక పుట్టుకొచ్చే ధైర్యం ఎంత నీచమైనదో నాకు తెలుసు. ప్రసాద్ అన్నది అసలు పేరు కాదు. అతనికి ఆ మాత్రం రక్షణ కూడా దక్కకూడదని నాకుంది గానీ, సారు ఒప్పుకోరు.

సారు నిజామాబాద్ జిల్లా మనిషి, రసాయనశాస్త్రంలో అసాధారణ ప్రజ్ఞావంతుడు, మధుమేహి. తన బీరు తాను ఒక గుక్క నోట్లో పట్టి, కళ్లు మూసుకుని, ఉమ్మేసి, పుస్తకంలో రాసుకునేవారు. మింగడం నేనెప్పుడూ చూడలేదు. ఇంత శ్రమ ఎందుకు సార్ అంటే, "నేను తాగనీకి చేస్తలేనయ్యా. కుదురుతదా లేదా చూడనీకి చేస్తున్న" అనేవారు. ఈ దేశంలో మద్యం చేయడం నేరమని ఆయనకు తెలియదా అని మీరడగవచ్చు. తెలుసు. ఉద్యోగం, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు, పరువు, అన్నీ పణంగా పెట్టి చేశారు. అది తెలివైన పనని నేననను.

దమ్మాం శివార్లలో పశువుల దాణా అమ్మే ఒక పఠాన్ దగ్గర బార్లీ కొనేవారు. మొదటిసారి అతడు "ఆప్ కే కిత్నే బక్రే హైం?" అని అడిగాడట, మేకలెన్ని ఉన్నాయని. సారు తడబడి "చార్" అనేశారు. అప్పటినుంచి వెళ్లినప్పుడల్లా అతడు ఆ నాలుగు మేకల క్షేమం అడగడం, సారు సిగ్గుతో నేల చూడటం. "అబద్ధమాడిన్నని బాధ ఉండెగని, లెక్క మాత్రం సరిగనే చెప్పిన్న" అని మా నలుగురి వంక చూసి నవ్వేవారు.

ఆ బార్లీని, వాళ్లమ్మ రాగులను మొలకేసినట్టే, తడిగుడ్డలో మూట కట్టి మొలకెత్తించి, మేడ మీద ఎండబెట్టేవారు. కొంత అలాగే ఉంచి, కొంత సుభద్రమ్మగారి మూకుడులో దోరగా, కొంత నల్లగా వేయించేవారు. ఏది ఎన్ని పాళ్లు, ఖర్జూరం ఎంత, ఎంతసేపు ఉడకాలి, అన్నీ ఎర్ర అట్ట పుస్తకంలో గడులు గీసి రాసేవారు. చేదుకోసం వాడే హాప్స్ ఈ దేశంలో ఎక్కడ దొరుకుతాయి? ఆలోచించి ఆలోచించి, ఉగాదికని ఊరినుంచి తెచ్చి దాచుకున్న వేపపువ్వంతా ఒకేసారి గిన్నెలో పోశారు. అది నోట పెట్టలేకపోయాం. ఆ పండగకు సుభద్రమ్మగారు మాకు పచ్చడి పోస్తూ, "ఈయేడు మా ఇంట్ల అయిదే రుచులు. ఆరోది సారు డబ్బాల పడ్డది" అన్నారు. సారు చిన్నపిల్లాడిలా తల వంచుకున్నారు.

ఆయనకు పరమ అసహ్యమైన మాటలు రెండు. ఒకటి "బాగుంది". "బాగుందంటే ఏంది? చేదు ముందుగాల తగిలిందా, మింగినంక తగిలిందా? గది చెప్పు" అని గద్దించి, మా జవాబులను పేర్లతో సహా రుచి గడిలో రాసుకునేవారు. రెండోది ప్రసాద్ ప్రతిసారీ అడిగే "ఎక్కుద్దా సార్?". "గట్ల అడిగెటోనికి దేవుడు నాలుకెందుకు ఇచ్చిండో" అని సారు మొహం తిప్పుకునేవారు.

ఆయన నియమం ఒక్కటే. "ఒక్కపారి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే ఏది కరాబయిందో దేవునిక్కూడ ఎరుకగాదు." అలా ఒక్కొక్కటే మారుస్తూ ముప్పై దాకా వచ్చారు. ముప్పైలో, ఊరినుంచి మళ్లీ తెప్పించిన వేపపువ్వును సగానికి తగ్గించారు; ముప్పై ఒకటిలో దాన్ని పొయ్యి మీంచి దించే ముందు మాత్రమే వేశారు. చల్లారాక ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "దొరికిందిరా అయ్యా" అన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మరెప్పుడూ చూడలేదు.

మర్నాడు, నమాజు వేళకు మూసిన కొట్లు మళ్లీ తెరుస్తారని, సారు లోపలి గదిలో చొక్కా తొడుక్కుంటున్నారు. ప్రసాద్ వంటింట్లోకి వెళ్లి, పులియబెట్టిన డబ్బా మూత తీసి, చక్కెర పొట్లాలు రెండు ఒంపాడు. నేను గుమ్మంలో ఉన్నాను. "కాస్త ఎక్కాలి కదండీ, ఊరికే చేదు తాగడానికా వస్తున్నాం?" అన్నాడు. నేను నవ్వాను. నాకూ ఎక్కాలనే ఉంది మరి.

పదిహేను రోజులకు డబ్బా తెరిస్తే బీరు కాదు, గొంతులో గీరుకునే ఏదో మురుగు. సారు నోట పెట్టి, ఉమ్మేసి, ఎర్ర పుస్తకం తెరిచారు. మొదటిరోజు కొలతకూ నాలుక చెబుతున్నదానికీ ఎక్కడా పొంతన లేదు. ఎవరైనా ఏమైనా కలిపారా అన్న అనుమానమే ఆ మనిషికి రాలేదు, తన లెక్కే తప్పిందనుకున్నారు. తూనిక సరిచూసుకున్నారు. థర్మామీటరు మార్చారు. కొత్త బార్లీ తెచ్చి మొలకేశారు. లాబొరేటరీలో నా బల్ల దగ్గరకొచ్చి, "ఎక్కడ తప్పిన్నో దొరుకుతలేదయ్యా. ముసలోన్నయిన" అన్నారు. ఆయన పోయేదాకా ఆరు వారాలు ఆ ముఖం రోజూ చూశాను. "పర్లేదు సార్" అన్నాను. ఆరు వారాలు!

ఆయన పార్థివదేహం మార్చురీలో కాగితాలకోసం ఎదురుచూస్తుండగా మేం నలుగురం ఆయన వంటింట్లో ఉన్నాం. అది కంపెనీ ఫ్లాటు, సామాను చూసుకోవడానికి మనుషులొస్తారు, వాళ్ల కంట ఏదీ పడకూడదు. సుభద్రమ్మగారు పక్కగదిలో ఏడుస్తుంటే ప్రసాద్ డబ్బాలు కడిగాడు. ఎర్ర పుస్తకం నా చేతికొచ్చింది. రుచి గడుల నిండా మా పేర్లే. చివరి పేజీలో "31: తప్పు నాదే. దొరకలేదు" అని ఉంది. ఆ పేజీతో సహా పుస్తకమంతా చించి, సింకులో నానబెట్టి, ముద్ద చేసి చెత్త సంచిలో వేశాను.

శవపేటికతో బయలుదేరే ముందు ఆమె అడిగారు, "ఆ ఎర్ర బుక్కు కనవడ్డదా తమ్మీ? ఆయన చేతిరాత గదొక్కటే ఉన్నది." లేదమ్మా అన్నాను.

సుభద్రమ్మగారూ, అది నేనే చించాను. సారూ, ముప్పై ఒకటో ఫార్ములాలో తప్పు లేదు. పాళ్లు సరైనవి, మీ లెక్క సరైనది, మీ నాలుక సరైనది. తప్పు మీ వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వింది. అంతటి నిష్ఠ గలిగిన విజ్ఞాని మళ్లీ మా మధ్యకు రాడు. వచ్చినా మాలాంటివాళ్లే చుట్టూ చేరతారు. ఆ పాళ్లు గుర్తు తెచ్చుకుని రాద్దామని ఎంతో ప్రయత్నించాను. వేపపువ్వు ఎంతో గుర్తులేదు. అప్పుడు నేను చూసింది గ్లాసు వైపే.

నిన్న ఆ దాణా కొట్టుకు వెళ్లాను. అతనికైనా నిజం చెప్పాలనిపించింది. సారు పోయారని చెప్పగానే పఠాన్ లేచి నిలబడి, చేతులెత్తి, తన భాషలో ప్రార్థన చేశాడు. కళ్లు తుడుచుకున్నాక, "ఔర్ ఉన్ కే బక్రే?" అని ఆ మేకల సంగతి అడిగాడు.

"చారోం జిందా హైం" అన్నాను. నలుగురమూ బతికే ఉన్నాం.