లక్షణాల గడిలో ఒక మాట

1994 వేసవిలో సికింద్రాబాద్‌లోని ఒక ఆసుపత్రి గుండె విభాగంలో ఈసీజీ టెక్నీషియన్‌గా చేరాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న మిషన్ బడిలో తెలుగు మాస్టారు. తెలుగంటే మా ఇంట్లో మాట్లాడేదేననే పొగరు నాకు కాస్త ఉండేది. ఆ పొగరు ఒకామెను ఎంత బాధపెట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పని చూడ్డానికి తేలిక. ఛాతీకీ, కాళ్లకూ చేతులకూ తీగలు తగిలించి గుండె నడకను కాగితం మీదికి ఎక్కించడం. దానికంటే ముందు రోగి చెప్పింది విని, డాక్టరుకు వెళ్లే చీటీలో ‘లక్షణాలు’ అనే గడిని ఇంగ్లీషులో నింపడం కూడా మా వంతే. రద్దీ రోజుల్లో డాక్టర్లు మొదట చూసేది ఆ గడినే.

అనసూయ మల్కాజ్‌గిరి నుంచి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. మెట్టుగూడలో ఒక చిన్నపిల్లల బడిలో ఆయా. ఏం బాధ అని అడిగితే, "ఊకూకెనే గాబరా అయితది మేడమ్, కాళ్లల్ల జీవం పోతది" అంది. మా వైపు గాబరా అంటే కంగారు. నేను గడిలో ‘యాంగ్జయిటీ’ అని రాశాను.

ఈసీజీలో ఏమీ తేలలేదు. ఎకో పరీక్షలో మాత్రం గుండె పైగదుల మధ్య గోడలో పుట్టుకతో వచ్చిన రంధ్రం కనపడింది. అది చాలా చిన్నదనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ, ఆమె చెప్పే బాధ దానివల్ల వచ్చేది కాదనీ మా పెద్ద డాక్టరు ఓపిగ్గానే వివరించారు. మరి దేనివల్ల అని ఆమె అడిగింది. ఆయన చీటీలో నేను రాసిన మాట చూసి, నిద్రమాత్రలు రాశారు.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఆమె ఆర్నెల్లకోసారి వచ్చేది. పాత చీటీలోని మాటను కొత్త చీటీలోకి ఎక్కించేవాళ్లం. నడుముకు కట్టుకుంటే ఇరవై నాలుగు గంటలూ గుండెను నమోదు చేసే యంత్రం మాకు ఒక్కటే ఉండేది. కంగారు మనుషులకు దాని జాబితాలో చోటు లేదు. ఇంట్లో భర్త ఆమెవన్నీ నఖ్రాలన్నాడు. ఒకరోజు బడి మెట్ల మీద, చంకలో పిల్లతో, కళ్లు తిరిగి కూలబడింది. పిల్లకు దెబ్బ తగల్లేదు గానీ ఆమె ఉద్యోగం పోయింది. ఆమె బాధకు కారణం కాదని మేమన్న రంధ్రమే, ఆమెను తీసేయడానికి బడివాళ్లకు కారణమైంది.

ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజు నేను విసుగ్గా, "అసలు నీ భయమేమిటమ్మా?" అన్నాను.

ఆమె తెల్లబోయింది. "భయమేంది మేడమ్? నాకు భయమెందుకు? గాబరా అయితదంటున్న గద!" అంటూ నా బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించింది. గబగబా నాలుగు దెబ్బలు, కాసేపు ఆగి ఒకటి, మళ్లీ గబగబా. ఆమె మాటలో గాబరా అంటే గుండె దడ. రోజంతా గుండె గీతలు చదివే నాకు అది తెలియకుండా ఎలా ఉంటుంది? సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

వెంటనే వెళ్లి డాక్టరు గారికి నా తప్పు చెప్పాను. ఆయన ఆమెను జాబితాలో ముందుకు తెచ్చారు. రెండుసార్లు యంత్రం కట్టాం. రెండుసార్లూ గుండె సవ్యంగానే నడిచింది. "మిషన్ కట్టంగనే దాసుకుంటది మేడమ్" అని ఆమె నవ్వబోయి మానేసింది. డాక్టరు పాత మాట కొట్టేసి ‘దడ, కారణం తెలియదు’ అని రాశారు. రంధ్రంతో ప్రమాదం లేదని బడికి ఉత్తరమూ ఇచ్చారు. అప్పటికే అక్కడ మరో ఆయాను పెట్టుకున్నారు.

తప్పు నాదేనని ఆమెకూ చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "నాలుగేండ్ల సంది నా మీద నాకే అనుమానం పుట్టిచ్చిన్రు గద మేడమ్" అని మాత్రం అంది.

నేను రిటైరయ్యే నాటికి కూడా ఆ దడ ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఆమె దాంతోనే బతుకుతూ, ఇంట్లో జాకెట్లు కుట్టుకునేది. ఆమె బల్ల మీద కొట్టి చూపించిన రోజు నుంచి నేను ప్రతి రోగి మాటనూ ముందు ఆ రోగి నోట వచ్చినట్టే తెలుగులో రాసి, దాని అర్థమేమిటో ఆ మనిషినే అడిగి, అప్పుడు ఇంగ్లీషులో పెట్టాను. కొత్తగా చేరినవాళ్లకూ అదే నేర్పాను. ఒక్కో రోగికి అరనిమిషం ఎక్కువ పడుతుంది, అంతే. అది నాకు తెలిసిరావడానికి అనసూయ జీవితంలో నాలుగేళ్లు పట్టింది.