కుండలో కొట్లాట

మొన్నటి వానకు ఉప్పల్‌లో మా వీధి మునిగింది. మంచినీళ్ల డ్రమ్ములో క్లోరిన్ బిళ్ళ వేయగానే ఆ ఘాటు వాసన నన్ను నాచారంలోని మా పాత ఇంటికి లాక్కుపోయింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. నల్లా నీళ్లలో మురికి కలిసి బస్తీ అంతా వాంతులు, విరేచనాలు. మా చెల్లి కూడా మంచం పట్టింది. దవాఖానా నర్సమ్మ వచ్చి మా కుండలో బిళ్ళ వేసింది.

"ఇది పురుగులతోని కొట్లాడి సంపుతది. అర్ధగంట దాకా ఎవ్వరు ముట్టొద్దు" అంది.

నేను కర్ర పట్టుకొని కాపలా కూర్చున్నాను. కుండకు చెవి ఆనిస్తే లోపల కత్తులు ఖణేల్‌మన్నాయి. ఒక పురుగు పెట్టిన కేక ఉప్పల్ చౌరస్తా దాకా వినిపించిందని ఇప్పటికీ చెబుతాను.

ఇంతలో చెల్లి నీళ్ల కోసం ఏడ్చింది. చూడలేక గ్లాసు అందుకున్నాను.

"నానమ్మా, కొట్లాట అయిపోయింది!"

దాహంతో పెదవులు తడుపుకుంటున్న నానమ్మ వచ్చి కుండకు చెవి పెట్టింది.

"ఆగు బిడ్డా, ఇంకొకడు మూలుగుతుండు."

"నాకు ఇనబడ్తలేదే!"

"ముందుగాల నీ చెవుల గులిమి తీస్కో పో."

చాలాసేపటికి గోడ గడియారం వైపు చూసి, "సచ్చిండు" అంది. మొదటి గ్లాసు చెల్లికి, చివరి గ్లాసు తనకు. నాలుగు రోజుల్లో చెల్లి లేచి నా జుట్టు పట్టుకుంది.

మొన్న ఈ కథ విన్న మా చిన్నపాప డ్రమ్ముకు చెవి ఆనించింది.

"నాన్నా, అందరు సచ్చిన్రా?"

నేను గడియారం చూశాను.

"ఇంకొకడున్నడు తల్లీ."