కడప బండ మీద చైనా అక్షరం

కువైట్‌లోని అల్ రాయ్‌లో నేను పనిచేసే గోదాముకు వచ్చే వాష్ బేసిన్ల పెట్టెలన్నిటి మీదా ఒకటే అక్షరం ఉంటుంది. గుండ్రటి గీత మధ్యలో 安. పైన ఇంటికప్పు లాంటిది, కప్పు మొన మీద ఒక చుక్క, కింద కాళ్ళు మడుచుకున్న మనిషి లాంటిది. చాలాకాలం నేను దాన్ని కొంగ అనుకున్నాను. అడిగినవాళ్ళకు మాత్రం ఏ రోజుకు ఏది తోస్తే అది చెప్పేవాణ్ణి. ఒకాయనకు అది చైనా రాజుగారి బావమరిది సంతకమని చెప్పాను. ఇంకొకాయనకు ఆ అక్షరమున్న అట్టముక్క మోకాలి కింద పెట్టుకుంటే నొప్పులు పోతాయని చెప్పాను. ఆయన ఇప్పటికీ భోజనానికి కూర్చుంటే దాన్ని వెతుక్కుంటాడు. నొప్పులు పోయాయనే అంటాడు.

అందుకే ఆ అక్షరం గురించి మొదటిసారి నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు.

ఫర్వానియాలో నేనూ మా ఆవిడా ఉండే రెండు గదులకు శుక్రవారం మధ్యాహ్నాలు ఒక అక్క వచ్చేది. రాయచోటి దగ్గర పల్లె ఆవిడది. ఫింటాస్‌లో ఒక కువైటీల ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి యజమానురాలిని అందరిలాగే తనూ మామా అనేది. మామా సెలవిచ్చిన పూట బస్సెక్కి, మా ఆవిడ చేత జాకెట్టు కుట్టించుకోవాలనే వంకతో వచ్చి మా చాప మీద కూర్చునేది. మా ఆవిడ కోనసీమ మనిషి. అన్నం తప్ప వేరే తిండి ఉంటుందని ఎరగదు. సంగటి కెలకడం అక్క దగ్గరే నేర్చుకుంది. అక్క తెచ్చిచ్చిన తెడ్డు మా వంటింట్లో ఇంకా ఉంది.

ఒకసారి, దుమ్ముగాలికి మా మేడ మీద ఆరేసిన నా లుంగీ ఎగిరిపోయి ఫింటాస్‌లో వాళ్ళ మామా డాబా మీద వాలిందని అక్కకు చెప్పాను.

“ఔనబ్బీ, చూసినా. ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళా గాలికే ఇచ్చి పంపినా. అందలేదా?” అంది. కువైట్‌లో నాకు సరిజోడు ఆవిడొక్కతే.

ఆ పెట్టెలు పంపే కంపెనీ తరఫున ఒక చైనా ఆవిడ సరుకు చూసుకోవడానికి వచ్చినప్పుడు, టీ ఇచ్చి ఈ అక్షరం సంగతి అడిగాను. ఆమె మార్కర్ తీసుకుని అట్ట మీద గీసింది. ముందు కప్పు, రెండు పక్కలా గోడలు. లోపల మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు ముందుకు కలుపుకున్న ఆడమనిషి. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట ఎముకల మీద ఇలాగే చెక్కేవాళ్ళట. రానురాను గోడలు పొట్టివైపోయాయి, ఆడమనిషి మూడు గీతలైపోయింది. పలికితే ‘అన్’. ఇంటికప్పు కింద ఆడమనిషి ఉంటే నెమ్మది, భయం లేకపోవడం అని అర్థం.

కొంగ కాదన్నమాట.

ఆ తర్వాత నాకు ఎక్కడ చూసినా అదే కనబడింది. గోదాములో జపాన్ నుంచి వచ్చిన పాత ఫోర్క్‌లిఫ్టు మీద నాలుగక్షరాల స్టిక్కరుంది. ఫోనులో వెతికి చూస్తే, ముందు భద్రత, తర్వాతే పని అని దాని భావమట. అందులో మొదటి అక్షరం ఇదే. జపాన్‌లో ఇదే అక్షరానికి చవక అని కూడా అర్థం ఉందట. తేలిగ్గా దొరికేది చవకే కదా అని సరిపెట్టుకున్నాను. పైగా మన ‘అ’ లాగా వాళ్ళ అక్షరమాలలో మొట్టమొదట వచ్చే అక్షరం, దీన్నే గబగబా రాయగా రాయగా పుట్టిందట. అంటే జపాన్ పిల్లలందరూ ఆ కప్పు కింది ఆడమనిషిని దిద్దుకునే బడిలో అడుగుపెడతారు. వియత్నాం వాళ్ళు ఈ గీతలు రాయడం మానేశారు గానీ, నెమ్మదిని ఇప్పటికీ ‘అన్’ అనే అంటారు. మనిషి పోయినా పిలుపు మిగిలినట్టు.

ఇదంతా ఎవరికి చెప్పాలా అని కడుపు ఉబ్బి ఉన్న రోజుల్లోనే అక్క తన గొడవ మోసుకొచ్చింది.

ఇన్నేళ్ళ కష్టంతో ఊళ్ళో ఇల్లు కట్టించుకుంది. ఖలాస్, ఇక చాలు, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితం మళ్ళీ చేయించవద్దని మామాకు చెప్పేసింది. ఇల్లంతా అయింది. గుమ్మం పైన పెట్టే బండ ఒక్కటే మిగిలింది. దాని మీద తన పేరు చెక్కిస్తానంటున్నాడు తమ్ముడు.

“దగ్గరుండి కట్టించింది వాడే, కాదనను. కానీ వాడి పేరు పడితే రేపు నేను నా ఇంటికే సుట్టం మాదిరి పోవల్ల. నా పేరు పెట్టమంటే, ఆడదాని పేరా అని ఊరంతా నవ్వుతాది. ఏం చెక్కించేదో తెలకుండా ఉండాది.”

మా వంటింట్లో నూనె డబ్బా కింద వేసిన, ఆ అక్షరమున్న అట్టముక్క లాగి ఆవిడ ముందు పెట్టాను. చైనా ఆవిడ చెప్పిందంతా చెప్పాను. అక్క నావైపు చూడలేదు. మా ఆవిడ వైపు చూసింది.

“నిజమేనా పాపా? లేకుంటే ఇది కూడా లుంగీ కతనా?”

“నన్నడక్కక్కా. పెళ్ళిచూపుల్లో ఈయనకి కొబ్బరితోట ఉందన్నారు. అదెక్కడుందో చూద్దావనే ఇన్నేళ్ళూ కాపరం చేస్తన్నాను.”

నేను పట్టువదలలేదు. కొరియావాళ్ళు కూడా ఎదురుపడితే ‘అన్యోంగ్’ అంటారని, అందులో మొదటి ముక్క ఇదేనని చెప్పాను. అక్క ముఖం మారిపోయింది. మామా చిన్నకూతురికి కొరియా సీరియళ్ళ పిచ్చి.

“ఆ పిల్ల పొద్దున లేస్తానే నాతో అనేది అదే గదబ్బీ! అన్యోంగ్ అంటాది. నేనూ అన్యోంగ్ అంటా. అంటే ఇన్నాళ్ళూ నన్ను ‘నెమ్మదిగా ఉండావా’ అని అడుగుతాండాదా?”

“అదే కదక్కా.”

నూనె మరక మీద వేలు పెట్టి అక్షరాన్ని తడిమింది. “పైన కప్పు. కింద నేను.” కాసేపటికి నవ్వింది. “ఇదే చెక్కిస్తా. మా ఊర్లో ఎవురికీ చదివేకి రాదు. కొట్లాటా రాదు.”

తమ్ముణ్ణి ఒప్పించే పని నా మీద పడింది. వీడియో కాల్ కలిపారు. అక్కతో నిజం చెప్పాను కదా, ఆ లోటంతా అతని దగ్గర తీర్చుకున్నాను. చైనాలో భూకంపం వచ్చి నగరమంతా కూలిపోతే, ఈ అక్షరమున్న ఇల్లొక్కటే నిలిచిందన్నాను. లోపల మరుగుతున్న టీ కూడా తొణకలేదన్నాను. ఇక్కడి షేకులు దీన్ని బంగారంతో పోతపోయించుకుంటారన్నాను. పక్కన అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

“అన్నా, మా పక్కింటోళ్ళు డాబా మీద ఇమానం బొమ్మ కట్టినారు. దానికంటే గొప్పదేనా ఇది?”

“విమానం ఎంతసేపు బాబూ, ఎక్కింది దిగాల్సిందే. ఇది దిగేది కాదు.”

“అట్లయితే ఫోటో పంపన్నా.”

పెట్టె ఫోటో తీసి పంపాను. పెట్టె మొత్తం.

బండ ఎక్కించాక వాళ్ళు పంపిన ఫోటోను ముగ్గురం పెద్దది చేసి మళ్ళీ మళ్ళీ చూశాం. నల్లటి కడప బండ, నిగనిగలాడుతోంది. మధ్యలో అక్షరం, గీత పొల్లుపోలేదు. దానికి ఎడమవైపు కాడ ఉన్న గాజుగ్లాసు. కుడివైపు విప్పిన గొడుగు. కింద పైకి చూసే రెండు బాణాలు. సరుకు పగలకూడదని, తడవకూడదని, తలకిందులు కాకూడదని పెట్టెల మీద వేసే గుర్తులన్నీ మేస్త్రి భక్తిగా చెక్కేశాడు.

వెంటనే తమ్ముడి ఫోను. “అన్నా, బ్రాందీ షాపు ఎప్పుడు తెరుస్తాండారని ఊర్లో అందురూ అడుగుతాండారు! ఈ బండ పగలగొట్టి నా పేరుతో వేరేది చేయిస్తా, అక్కకు చెప్పు.”

గ్లాసు గురించి నా దగ్గర మంచి కథ సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. అక్క ఫోను లాక్కుంది.

“ఒరే, విను. గ్లాసు అంటే, ఇది పగిలే సరుకు, జాగర్తగా పట్టుకోండి అని. గొడుగంటే, తడవనీయకండి అని. బాణమంటే, తల్లకిందులు చేయొద్దండి అని. ఆ కప్పు కింద కూసున్నేది నేను. నా ఇంటి మీద ఇందులో ఏది తప్పురా? ఒక్కటి గూడా తీయొద్దు.”

ఫోనులో అవతల ఎక్కడో మేక అరిచింది.

“సరేలే అక్కా. యాడికీ పోదులే బండ,” అన్నాడు.

అక్క వెళ్ళేటప్పుడు సామాను మా గోదాము పెట్టెలోనే సర్ది తాళ్ళు బిగించాం. నాలుగు వైపులా ఆవిడ పేరూ ఊరూ పెద్దక్షరాలతో రాశాను. అన్నిచోట్లా పేరు ఉందో లేదో ఆవిడ పెట్టె చుట్టూ తిరిగి చూసుకుంది. మామా చిన్నకూతురు కారు దాకా వచ్చి అన్యోంగ్ చెప్పి ఏడ్చిందట.

ఇప్పుడు శుక్రవారాలు మా చాప మీద జాగా ఎక్కువైంది. నా కథలకు ఎదురు కథ చెప్పేవాళ్ళు లేరు. దుమ్ముగాలి లేచిన రోజు లుంగీ తీయడానికి మేడ ఎక్కితే, ఒక్క నిమిషం ఫింటాస్ వైపు చూస్తాను.

మొన్న అక్క ఒక ఫోటో పంపింది. వాళ్ళ ఊళ్ళో దాన్ని గ్లాసిల్లు అంటున్నారట, బస్సు కూడా ఆ పేరు చెబితేనే ఆపుతున్నారట. బస్సు మాట మాత్రం నేను నమ్మను. ఫోటోలో బండ కింద, గడపకు ఇవతల, కాళ్ళు మడుచుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. రెండు చేతులూ ముందుకున్నాయి.

మా ఆవిడ ఫోను తీసుకుని చూసింది. వంటింట్లోకి వెళ్ళి అక్క ఇచ్చిన సంగటి తెడ్డు కడగడం మొదలుపెట్టింది.