కాకులు లేని కోట

రేపల్లె స్టేషన్లో తెనాలి బండికి చేపల బుట్టలెక్కించే సింగయ్యను అందరూ ఓడ సింగయ్య అనేవారు. ఆ పేరులో సగం గౌరవం, సగం వేళాకోళం. దేశదేశాలు చూసిన ఓడ ఖలాసీ, ముప్ఫై దాటీ దాటకుండానే నేలమీదికొచ్చి, ఆ తర్వాత చిన్న పడవ కూడా ఎక్కలేదు. ఎందుకని అడిగితే, "ఒడ్డే బాగుందండి" అనేవాడు. పచ్చి అబద్ధం. ఆ మనిషికి సముద్రమంటే ప్రాణం.

నిజాంపట్నం పక్క పల్లెలో పుట్టాడు. తండ్రి చేపల వేటకెళ్ళి తుఫానులో చిక్కుకుని తిరిగి రాలేదు. తల్లి పేరంటాలు చేపల గంప నెత్తినపెట్టుకుని తిరిగి కొడుకునీ కూతురినీ పెంచింది. కొడుకు మద్రాసు పోయి సరుకుల ఓడలో చేరాడని తెలిసిన రోజున ఆవిడ నెత్తీనోరూ కొట్టుకుంది. "మీ అయ్యను తిన్న నీళ్ళు చాలవా, నువ్వు కూడా పోవాలా?" అన్నది. సింగయ్య ఇంటికొచ్చిన ప్రతిసారీ, ఈ ఒక్కసారికేనమ్మా అనేవాడు. మళ్ళీ ఎక్కేవాడు. ఆవిడ మూట కట్టి ఇచ్చిన ఎండు నెత్తళ్ళు మాత్రం మరిచిపోకుండా పెట్టెలో పెట్టుకునేవాడు.

అరవై తొమ్మిదిలో, ఓడ కరేబియన్ సముద్రం మీద ఉండగా, కంపెనీవాళ్ళ ద్వారా కబురందింది. తల్లి పోయింది. బాబాయి చేతుల మీదుగా కర్మ జరిపిస్తున్నారు. ఉన్న ఒక్క కొడుకూ భూగోళానికి అవతలి పక్కన ఉన్నాడు. ఓడలో తనివితీరా ఏడవడానికి కూడా చోటుండదు. ఎటు తిరిగినా ఎవడో ఒకడు ఎదురవుతాడు.

ఊళ్ళో పెద్దకర్మ జరిగే రోజుకి ఓడ ఒక రేవులో ఆగింది. ఒకప్పుడు స్పెయిన్ దొరలు సముద్రపు దొంగల భయంతో కట్టుకున్న కోట ఉంది అక్కడ. ఓడలో వంటవాడు యేసుదాసు బాపట్ల మనిషి, క్రైస్తవుడు. అయినా అడగకుండానే అన్నం వండి, సింగయ్య పెట్టెలోని నెత్తళ్ళతో పులుసు కాచి, "పద సింగన్నా, ఎక్కడన్నా ఎత్తు మీద పెడదాం" అన్నాడు. అలా ఇద్దరూ కోట ఎక్కారు.

కోట చూడ్డానికి వచ్చినవాళ్ళు తుప్పుపట్టిన ఫిరంగుల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. సింగయ్య వాళ్ళకు దూరంగా, సముద్రం వైపు గోడ మీద పళ్ళెం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కర్మనాడు పెట్టిన ముద్దను కాకి ముడితే పోయినవారు తృప్తి పడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, అయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మాట ఇస్తారు. సరైన మాట పడేదాకా కాకి రాదు. అది వచ్చేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

కాకి రాలేదు.

"చెల్లిని నేను చూసుకుంటానమ్మా" అన్నాడు. రాలేదు. "తాగుడు జోలికి పోను." రాలేదు. "ఇంటికి పెంకు వేయిస్తాను." ఇంకొక్క మాట మిగిలింది. అదేమిటో అతనికి తెలుసు. ఓడ మానేస్తాననడమే. ఎదురుగా నీలంగా సముద్రం, రేవులో అతని ఓడ. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

ఇంతలో నల్లటి పిట్ట ఒకటి వచ్చి గోడ మీద వాలింది. కాకే అనుకున్నాడు సింగయ్య. తీరా చూస్తే దాని తోక పొడుగు, కళ్ళు పసుపు. కాకి కంటే ముందు వేరే పిట్ట ముట్టకూడదని తువ్వాలుతో తోలేశాడు. కాపలావాడొచ్చి, ఏదో తన భాషలో అంటూ పళ్ళెం తీసేయమని చెయ్యి ఊపాడు. యేసుదాసు వాడికి దండం పెట్టి, సింగయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, నేనీ రేవుకి ఇదివరకే వచ్చా. ఇప్పుడు గుర్తొచ్చింది, ఈ దేశంలో కాకులే లేవు."

సింగయ్యకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కాకే లేని చోట ముట్టేదేమిటి? అంటే అమ్మ అలగలేదు. ఆ మాట కోసం పట్టుబట్టనూ లేదు. ముద్దను సముద్రంలో వదిలి తేలికపడ్డ మనసుతో కోట దిగాడు. తల్లి పోయిన మనిషికి అలా తేలికపడటం తగునా అని మీరంటే నేనేం చెప్పలేను. మనిషి అలాగే ఉంటాడు.

కొన్ని నెలలకు మద్రాసులో దిగి, మళ్ళీ వచ్చే ప్రయాణానికి ఒప్పుకుని, తెనాలి మీదుగా ఇల్లు చేరాడు. చెల్లెలు సీతారావమ్మ అతన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత అతనే అడిగాడు.

"కాకి ముట్టిందా?"

"ముట్టింది. ఊరికే ముట్టలా అన్నయ్యా. కొబ్బరి మట్టల నిండా కాకులే, ఒక్కటంటే ఒక్కటి కిందికి దిగలా. బాబాయి చెప్పాడు, మా ఆయన చెప్పాడు. పొద్దువాలింది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఆఖరికి నేను చెప్పా."

"ఏం చెప్పావు?"

"అన్నయ్య ఇంక నీళ్ళ మీదకి పోడమ్మా, నాదీ పూచీ అన్నా. మాట నోట్లో ఉండగానే దిగి ముద్ద తన్నుకుపోయింది."

కోప్పడదామంటే ఎవరి మీద? చెల్లెలు తల్లి ఆకలి తీర్చింది. తల్లి బతికున్నన్నాళ్ళూ అడిగిందే అడిగింది. కాకి మీద వ్యాజ్యం వేసే కోర్టు ఎక్కడుంది? నా నోటితో నేను అనలేదుగా అందామనుకున్నాడు. అంటే, అమ్మ తిన్న ముద్ద అబద్ధమవుతుంది.

"తప్పు చేశానా అన్నయ్యా?" అన్నది సీతారావమ్మ భయంగా.

"లేదమ్మా" అన్నాడు సింగయ్య.

మద్రాసులో ఓడ అతను లేకుండానే కదిలింది.