బాపట్ల గడపలో నా ఎర్రనీళ్ళు

నిన్న బాపట్లలో నలభైమంది సైన్స్ టీచర్లని దొడ్డిదారిన నడిపించిన ఘనత నాదేనండి. ఆ నలభైమందిలో నేనూ ఉన్నాను, అదీ అసలు సిగ్గు. టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వితే మాత్రం చెప్పడం ఆపేస్తాను.

సంగతేంటంటే, మా ఫిజికల్ సైన్స్ వాళ్ళకి రెండు రోజుల వర్క్‌షాప్. ఇంట్లో దొరికే వస్తువులతో పాఠం ఎలా చెప్పొచ్చో ఒక్కొక్కరూ ఒక ప్రయోగం చేసి చూపించాలి. రెండోరోజు మధ్యాహ్నం జిల్లా నుంచి ఒక పెద్ద మేడం వచ్చి, చూసి, ఆరుగురిని ఎంపిక చేస్తారు. ఆ ఆరుగురూ నెలకి రెండుసార్లు కొత్త టీచర్ల స్కూళ్ళకి వెళ్ళి, పక్కన నిలబడి ప్రయోగాలు చేయించాలి. జీతం పెరగదు, తిరుగుడు పెరుగుతుంది. అయినా నాకది కావాలి.

ఎందుకంటారా? నేను భట్టిప్రోలు వైపు ఉద్యోగంలో చేరిన కొత్తలో ల్యాబ్ అంటే తాళం వేసిన బీరువా. లోపల సీసాల మీద లేబుళ్ళు ఊడిపోయి, ఏది ఆసిడో ఏది నీళ్ళో తెలీదు. అడుగుదామంటే ఒక్క మనిషి లేడు. రెండేళ్ళపాటు ప్రయోగాలన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి గట్టెక్కించాను. పిల్లలు పాపం ఆ బొమ్మలే పరీక్షలో గీసి పాసైపోయారు. అప్పుడు ఒక్కరొచ్చి పక్కన నిలబడుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ ఒక్కరూ ఇంకెవరికైనా నేనవ్వాలని నా ఆశ.

అందుకే శిరీషని నా వెంట తిప్పుకుంటున్నాను. రేపల్లె దగ్గర స్కూల్లో పోయినేడు చేరిన పిల్ల. స్పిరిట్ ల్యాంప్ వెలిగించబోతే అగ్గిపుల్ల చేతిలోనే ఆరిపోతుంది, అంత వణుకు. రేపల్లె బండి దిగి తెనాలి స్టేషన్లో నాకోసం నిలబడుతుంది, అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి బాపట్ల బండెక్కుతాం. దారంతా నా ఉపన్యాసమే.

"చూడమ్మా, ప్రయోగం ఎంత చిన్నదైనా సరే, అదే సామానుతో, అదే చోట, ముందొకసారి ట్రయల్ వేసుకో. ఇంట్లో వచ్చింది కదాని స్కూల్లో వస్తుందనుకోకు" అని చెప్పాను. ఆ పిల్ల నోట్‌బుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసింది. నాకెంత గర్వమో చెప్పలేను.

నా ప్రయోగం పసుపు ఇండికేటర్. పసుపు నీళ్ళలో సున్నపు తేట పోస్తే ఎరుపు, అందులో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు. ఆసిడ్, బేస్, ఇండికేటర్ మూడూ వంటింట్లోనే ఉన్నాయని చెప్పడం నా ఉద్దేశం. సున్నం మా అత్తయ్య తమలపాకుల డబ్బాలోది. నిన్న పొద్దున్నే వంటింట్లో ట్రయల్ వేశాను, బ్రహ్మాండంగా వచ్చింది. అత్తయ్య పక్కనే నిలబడి చూశారు.

"పెద్ద పని మీద వెళ్తున్నావు, ఎలాగూ కలిపావుగా, ఆ నీళ్ళతోనే దిష్టి తీసేస్తాను, గుమ్మంలో నిలబడు" అన్నారు.

"అత్తయ్యా, అది దిష్టి కాదు, కెమిస్ట్రీ" అని ఐదు నిమిషాలు క్లాసు పీకాను. ఆవిడ ఓపిగ్గా విని, "అవునా, మంచిదే" అని లోపలికెళ్ళిపోయారు.

బాపట్లలో పొద్దుట సెషన్ ఏంటో తెలుసా? పిల్లల్లో శాస్త్రీయ దృక్పథం పెంచడం ఎలా. ఒక సీనియర్ సార్ మూఢనమ్మకాల మీద గంటసేపు దంచేశారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. అప్పుడైనా లేచి వెళ్ళి అక్కడే ఒకసారి ట్రయల్ వేసుకోవచ్చుగా? వేసుకోలేదు. నాలాంటి అనుభవజ్ఞురాలికి ట్రయల్ ఎందుకండి.

భోజనాల వేళ అందరూ వెనక షెడ్డులోకి వెళ్ళారు. రెండింటికి పెద్ద మేడం వస్తారు, మొదట నా వంతే. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా కనబడాలని గ్లాసు మానేసి పెద్ద స్టీలు పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపాను. వరండాలోంచి హాల్లోకి తీసుకెళ్తుంటే, సరిగ్గా గుమ్మం దగ్గర కుచ్చెళ్ళు కాలికడ్డం పడ్డాయి. నేను పడలేదు, పళ్ళెం ఒరిగింది. గడప ముందున్న నాపరాయి మెట్టు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రనీళ్ళు పరుచుకున్నాయి. పళ్ళెంలో అడుగున కొంచెం మిగిలితే కిటికీలో పెట్టాను.

కడిగేద్దామని కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. వెనక్కి పరిగెత్తాను. అటెండర్ నాగమణి సాంబారు వడ్డిస్తోంది. "ఈ బంతి కాగానే వచ్చి తుడుస్తానమ్మా" అంది. ఏం తుడవాలో నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

నేను చుట్టు తిరిగి ముందుకొచ్చేసరికి, తినడం అయినవాళ్ళు గుమ్మం ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ మెట్టెక్కడం లేదు.

"మిట్టమధ్యాహ్నం ఎవరు పోశారండి ఇది?"

"ఎవరో కావాలనే పోసినట్టుంది."

"నేనేం నమ్మననుకోండి. కానీ ఎందుకొచ్చిన గొడవ, అటు నుంచి వెళ్దాం" అన్నారు పొద్దుట గంటసేపు దంచిన సార్. అని, అందరికన్నా ముందు ఆయనే వెనక తలుపు వైపు నడిచారు. ఆయన వెనక మిగతావాళ్ళు, ఒక్కొక్కరూ "నమ్మి కాదండి" అనుకుంటూనే.

నాదేనని చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను. ఇప్పుడు చెబితే సాయంత్రం దాకా నన్నే ఆటపట్టిస్తారు, మేడం వచ్చేలోపు నాగమణి తుడిచేస్తుంది, ఎవరికీ తెలీదు అనుకున్నాను. వాళ్ళ వెనకే నేనూ వెనక తలుపులోంచి వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాను.

పెద్ద మేడం కారు ఇరవై నిమిషాలు ముందొచ్చింది.

ఆవిడ గబగబా వరండా ఎక్కి, గుమ్మం దాకా వచ్చి, టక్కున ఆగారు. కిందకి చూశారు. లోపలున్న మావైపు చూశారు.

"ఏంటిది?" అన్నారు.

కోర్సు డైరెక్టర్ సార్‌కి చెమటలు పట్టాయి. "నాగమణీ" అని కేకేశారు. ఆవిడ చేతిలో గరిటెతోనే వచ్చింది. "పొద్దుట గుమ్మం ఊడ్చింది నువ్వేగా? ఎవరు పోశారిది? ఇక్కడ ఎవరికి చెడు జరగాలని?"

"నాకు తెలీదు సార్. నా పిల్లల మీద ఒట్టు, నేను అన్నాల దగ్గరే ఉన్నాను" అంది. ఆవిడ మొహం చూడలేకపోయాను. నా పళ్ళెం కిటికీలో తళతళలాడుతోంది. ఇంకా కూర్చుంటే నేను మనిషినే కాదనిపించింది.

"నేనే మేడం" అని లేచాను.

"మీరా? ఎవరికి దిష్టి తీశారమ్మా?"

"దిష్టి కాదు మేడం. ఇండికేటర్."

ఎవరూ నమ్మలేదు. ఆ మాట నా చెవులకే అబద్ధంలా వినబడింది. ఇక నోటితో చెబితే లాభం లేదు, చేసి చూపించాల్సిందే అనుకున్నాను. టేబుల్ మీద నిమ్మకాయ, చాకు తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచాను. గడప ఇవతల నేను, అవతల ఆవిడ, మధ్యలో ఎర్రనీళ్ళు. "ఇప్పుడు చూడండి, రంగు మారిపోతుంది" అని కాయ రెండు చెక్కలు కోసి, వంగి, ఒక చెక్క పిండాను.

రంగు మారలేదండి. మెట్టు మీద మాత్రం సన్నగా బుడగలు లేచాయి.

వెనక నుంచి ఎవరో "అమ్మో" అన్నారు. కంగారులో రెండో చెక్క కూడా పిండాను. అది చేతిలోంచి జారి సరిగ్గా నీళ్ళ మధ్యలో పడింది. గుమ్మం ముందు ఎర్రనీళ్ళు, అందులో కోసిన నిమ్మకాయ, చుట్టూ నురగ. కుంకుమ ఒక్కటే తక్కువ. మేడం రెండడుగులు వెనక్కి వేశారు. వాళ్ళ డ్రైవరు కారెక్కి డోరు వేసుకున్నాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చేస్తోంది.

అప్పుడు నా భుజం పక్క నుంచి శిరీష గొంతు. "మేడం, ఒక్కసారి ఇది చూడండి." కిటికీలో పళ్ళెంలో మిగిలిన నీళ్ళని గాజుగ్లాసులో పోసుకొచ్చింది. చెయ్యి వణుకుతూనే ఉంది. "అక్కడ నాపరాయి మేడం. ఆ రాయి అసలు సున్నపురాయే. పిండిన పులుపంతా రాయి లాగేసుకుంది, అందుకే ఆ బుడగలు. గ్లాసులో అయితే వస్తుంది" అని తను తెచ్చుకున్న నిమ్మకాయ పిండింది. ఎరుపు విరిగి, చూస్తుండగానే గ్లాసంతా పసుపైపోయింది.

పదో తరగతికి ఏటా నేను చెప్పే పాఠమేనండి అది.

పెద్ద మేడం గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుగులో పట్టి చూశారు. మెల్లగా నవ్వారు. "బాగుంది. నాగమణి తప్పేం లేదు, సరేనా?" అని డైరెక్టర్ సార్ వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగారు. "కెమిస్ట్రీయేగా, భయమేముంది? మీరు ముందు దాటి ఇటు రండమ్మా."

నేను కలిపిన నీళ్ళు. మా అత్తయ్య డబ్బాలో సున్నం, మా ఇంటి పసుపు. కాలెత్తాను. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. నలభైమంది చూస్తున్నారు.

"తడిగా ఉంది మేడం, జారుతుందేమో" అన్నాను.

శిరీష చున్నీ సర్దుకుని టకటకా దాటి అవతలికెళ్ళింది. ఆ పిల్లని చూసి మేడం దాటి ఇవతలికొచ్చారు. నాగమణి నా వైపు ఒక చూపు చూసి బకెట్టు తెచ్చింది.

సాయంత్రం ఆరుగురి పేర్లూ చదివారు. మొదటి పేరు శిరీష. నా పేరు లేదు. బాధ కలగలేదని అబద్ధం చెప్పను. తిరుగు బండిలో ఆ పిల్ల నాకన్నా ఎక్కువ బాధపడింది.

"నాకేం తెలుసు మేడం? అంతా మీరు చెప్పిందేగా. నాది కోడిగుడ్డు పెంకు, నిమ్మరసం ప్రయోగం కదా. అదే చోట ట్రయల్ వేసుకోమన్నారని పొద్దున్నే ఆ మెట్టు మీద చేసుకున్నాను. రెండు చుక్కలు రాయి మీద పడి పొంగితే అప్పుడర్థమైంది" అంది. కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. తెనాలి వచ్చేసరికి మనసు కాస్త కుదుటపడింది. అగ్గిపుల్ల వెలిగించలేని పిల్ల ఇకమీద ఇంకొకరి పక్కన నిలబడుతుంది. పోనీలే, మనిషిని తయారుచేసింది నేనేగా అనుకున్నాను.

ఇంటికొచ్చి అత్తయ్యకి మొత్తం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "నలభైమంది కళ్ళు పడ్డాయి, మరి అవదా?" అని వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం తెచ్చారు. నేను నోరెత్తకుండా గుమ్మంలో తూర్పుకి తిరిగి నిలబడ్డాను. పసుపు నీళ్ళలో సున్నం వేసి వేలితో ఒక్క తిప్పు తిప్పారు.

ఎర్రటి ఎరుపు, మొదటిసారికే. ఆవిడ ట్రయల్ కూడా వేసుకోలేదు.